రాచబాటలో పుర్రచెయ్యి

నాలుగేళ్ళుగా ఒకే పుస్తకం చదువుతున్నాను. ఇంకా పన్నెండో అధ్యాయం దాటలేదు. అదేదో ఉపనిషద్భాష్యం అనుకునేరు, పేకముక్కలతో మ్యాజిక్ నేర్పే పుస్తకం. పేరు 'ది రాయల్ రోడ్ టు కార్డ్ మ్యాజిక్'. రాసినవాళ్ళు జీన్ హ్యూగార్డ్, ఫ్రెడరిక్ బ్రావి. 1940ల చివర్లో వచ్చింది, ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది. నాకు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 150 రూపాయలకి దొరికింది. నాకంటే ముందు దాన్ని చదివిన మహానుభావుడెవరో పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ వెళ్ళాడు. నాలుగో అధ్యాయం మధ్యలో గీతలు ఆగిపోయాయి. అక్కణ్ణుంచి పేజీలు కొత్తవాటిలా ఉన్నాయి.

పూర్తి చెయ్యని పుస్తకం మీద వ్యాసం రాయడం తప్పే. కానీ ఈ తరహా పుస్తకాలకి 'చదవడం' అన్న మాట సరిగ్గా అతకదు. కళ్ళతో అయితే వారం రోజుల్లో అట్ట నుంచి అట్ట దాకా అయిపోయింది. చేతులతో ఇంకా చదువుతున్నాను. వంటల పుస్తకాలు, కుట్టుపని పుస్తకాలు, హార్మోనియం నేర్పే పుస్తకాలు, ఇవేవీ సాహిత్యం కిందికి రావని మనం పక్కన పెట్టేస్తాం. నిజానికి ఒక వాక్యం పని చేసిందా లేదా అన్నది వీటిలో తేలినంత కచ్చితంగా కథల్లో తేలదు. కథలో వాక్యం బాగాలేకపోతే ఒకరిద్దరు విమర్శకులు నొచ్చుకుంటారు. ఇక్కడ వాక్యం బాగాలేకపోతే పేక నేలమీద పడుతుంది.

ముందు పేరు సంగతి. రేఖాగణితానికి రాచబాట లేదని యూక్లిడ్ ఒక రాజుతో అన్నాడని పాత కథ ఒకటుంది. వీళ్ళు మా విద్యకి ఉంది రమ్మని ఆ మాటనే పుస్తకానికి పేరు పెట్టారు. లోపలికి వెళ్ళాక తెలుస్తుంది, దగ్గరిదారి ఏమీ లేదని. ఉన్నదల్లా ఒక వరస. మొదటి అధ్యాయం మొత్తం పేకని చేతుల్లో పై నుంచి కలపడం గురించే. అలా కలపడం అందరికీ వచ్చనుకుంటాం. రాదని నాలుగు పేజీల్లో రుజువు చేస్తారు. ఆ ఒక్క కలపడంతోనే చెయ్యగలిగిన ట్రిక్కులు వెంటనే ఇస్తారు. రెండో అధ్యాయంలో ఇంకో పద్ధతి, మళ్ళీ అప్పటిదాకా నేర్చుకున్నవాటితోనే ట్రిక్కులు. ముందు పేజీల్లో రానిదేదీ వెనక పేజీల్లో అడగరు. ఈ నియమాన్ని ఇరవై అధ్యాయాల పాటు నిలబెట్టుకోవడం చిన్న విషయం కాదు. సంగీతంలో సరళీ స్వరాలు దాటనివ్వని గురువుల గురించి విన్నాను. వీళ్ళు అంత కఠినులు కారు, సరళీ స్వరాలకే చప్పట్లు కొట్టించే మార్గం చూపిస్తారు. నాలుగో అధ్యాయంలో ఆగిపోయిన ఆ పెన్సిలు మనిషి కూడా పెళ్ళిళ్ళలో పిల్లల్ని మెప్పించే మూడు నాలుగు ట్రిక్కులు పట్టుకునే వెళ్ళి ఉంటాడు.

ఇక నా ఇబ్బంది. నాది పుర్రచేతి వాటం. అంటే, ఒకప్పుడు. అన్నం దగ్గర అమ్మ మాన్పించింది. రాత దగ్గర మూడో తరగతిలో ఒక మాస్టారు మాన్పించారు, పద్ధతి చెప్పక్కర్లేదు. ఎవరికైనా డబ్బిచ్చేటప్పుడు, ప్రసాదం తీసుకునేటప్పుడు, పసుపు కుంకాలు అందించేటప్పుడు ఎడమచెయ్యి వీపు వెనక్కి వెళ్ళిపోవడం అలవాటైపోయింది. నలభై దాటాక పేక చేతిలోకి తీసుకుంటే, అది ఎడమచేతిలోకి వెళ్ళింది. మా ఇంట్లో పిల్లలు పేక ముట్టుకోకూడదు కాబట్టి, ఈ ఒక్క పనికి మాత్రం నా చేతులకి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు.

పుస్తకంలో ప్రతి వాక్యంలోనూ కుడి, ఎడమ. కుడి బొటనవేలు, ఎడమ చూపుడువేలు. నేను వాటిని తిరగేసుకుంటూ చదివాను. అద్దం పెట్టుకున్నాను. ఫ్రాంక్ రిగ్నీ వేసిన బొమ్మల్ని దీపం వెలుతురులో కాగితం వెనక నుంచి చూశాను, అటు ఇటవుతాయని. పేకముక్కలు కూడా కుడిచేతివాళ్ళ కోసమే చేసినవని అప్పుడే తెలిసింది. మామూలు ముక్కకి గుర్తులు రెండు మూలల్లోనే ఉంటాయి, పైన ఎడమ పక్కన, కింద కుడి పక్కన. నా వాటాన ముక్కల్ని విసనకర్రలా విప్పితే అంకెలన్నీ దాక్కుంటాయి. ఖాళీ మూలలు కనిపిస్తాయి, అంతే. ప్రేక్షకుడు ఏం తీసుకున్నాడో ప్రేక్షకుడికే తెలియదు.

ఎనిమిది నెలలు ఇలా గడిచాక, విసుగుతో ఒకరోజు తిరగెయ్యకుండా ఉన్నదున్నట్టు చేసి చూశాను. అప్పుడు అర్థమైంది. ఈ కుడిచేతి పుస్తకంలో అసలు పని చేసేది చాలావరకు ఎడమచెయ్యే. పై నుంచి కలిపేటప్పుడు కుడిచెయ్యి పేకని మోస్తుంది. ఎన్ని ముక్కలు జారాయో లెక్కపెట్టుకునేది ఎడమ బొటనవేలు. నాలుగో అధ్యాయంలో ఒక ముక్కని వెనక్కి లాగే వేళ్ళు ఎడమచేతివి. రెండు ముక్కల్ని ఒకటిగా ఎత్తే చోట, కింద సందు పట్టుకుని ఉండేది ఎడమ చిటికెన వేలు. కుడిచెయ్యి ముక్కని తిప్పుతుంది, చూపిస్తుంది, గాల్లో ఆడిస్తుంది. జనం దాన్నే చూస్తారు. అరచేతిలో ముక్క దాచడం లాంటివి ఒకటీ రెండూ మినహాయిస్తే, రహస్యమంతా ఎడమచేతిదే.

ఇదెక్కడా పుస్తకంలో రాసి లేదు. రచయితలు దీన్ని విశేషంగా గమనించి ఉంటారని కూడా అనుకోను. మంచి పాఠ్యపుస్తకంలో రచయిత ఉద్దేశించనివి కూడా దొరుకుతాయి. నలుగురిలో దాచుకోమని నేర్పిన చేతికి, నలుగురిలో దాచే పని అప్పగించారు వీళ్ళు. నా ఎడమచెయ్యి దానికి ముప్పై ఏళ్ళుగా తయారై ఉంది.

మొదటి అధ్యాయాన్ని మా అక్క కూతురి కోసం తెలుగులో రాయబోయి ఇంకోటి కనిపెట్టాను. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. 'ఎడమ బొటనవేలితో పైనున్న ముక్కని కొంచెం ఒంటివైపుగా' అని చదువుతున్నంత సేపూ రెండు చేతులూ పేకతో నిండి గాల్లో ఆగి ఉంటాయి. తొయ్యాలా, లాగాలా, వదిలెయ్యాలా? క్రియ వచ్చేసరికి ముక్క జారిపోతుంది. చివరికి మా అమ్మ ఫోన్లో చారు పెట్టడం చెప్పే పద్ధతి పట్టుకున్నాను. పేక తీసుకో. ఎడమచేతిలో పెట్టు. బొటనవేలు పైన ఆనించు. లాగు. చాల్లే. ఆ 'చాల్లే' మూలంలో లేదు, అది లేకపోతే పిల్ల లాగుతూనే ఉంది. పేక మాటలకి మాత్రం కొదవ లేదు. కలపడం, కొయ్యడం, పంచడం, ఎత్తడం, దింపడం, ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను. రమ్మీ ఆడిన ఊళ్ళు మనకి ఇచ్చిన పరిభాష ఇది.

తెలుగులో బొత్తిగా అతకనిది వాళ్ళ కబుర్లు. ప్రతి ట్రిక్కుకీ చేస్తూ చెప్పాల్సిన మాటలు, చిన్న కథలు ఇస్తారు. క్లబ్బుల్లో సిగార్లు కాల్చే పెద్దమనుషుల పరిహాసం అది. వాటిని తెలుగు చేస్తే పాత డబ్బింగ్ సినిమాలా ఉంది. పుస్తకంలో ముసలితనం వచ్చిన భాగం ఇదొక్కటే. నేను దాన్ని వదిలేసి, మౌనంగా చేస్తున్నాను. మౌనంగా చేస్తే జనం చేతులవైపే చూస్తారు, కబుర్లు అందుకే పెట్టారని దెబ్బ తిన్నాక తెలిసింది.

పదిహేనో అధ్యాయం పేరు చూసి నవ్వొచ్చింది. 'హిందూ షఫుల్'. పేకని పొడుగు కొసల దగ్గర పట్టుకుని, పైనుంచి చిన్న చిన్న కట్టలుగా అరచేతిలోకి జార్చుకుంటూ కలపడం. మా వీధి అరుగు మీద సంక్రాంతి మూడు రోజులూ జరిగే రమ్మీలో అందరూ కలిపే తీరు అదే. నాకు పేక కలపడమంటే అదొక్కటే. పధ్నాలుగు అధ్యాయాల తర్వాత చేరాల్సిన ప్రత్యేక విద్యగా దాన్ని ఇక్కడ చూడటం, మన ఊరి బస్‌స్టాండు ఫొటోని విదేశీ పత్రికలో చూసినట్టుంది. తెలిసిన పనే కాబట్టి పన్నెండు వదిలేసి నేరుగా పదిహేనుకి దూకాను, వరస తప్పకూడదన్న నియమం మీరి. ఆ కలపడంలో, చూసేవాళ్ళకి ఏమాత్రం తేడా తెలియకుండా, కావలసిన ముక్కని కావలసిన చోట ఎలా నిలపాలో అక్కడ ఉంది. ఎలాగో ఇక్కడ చెప్పను. రహస్యాల మీద భక్తితో కాదు, నాకింకా శుభ్రంగా రాదు.

నాకు రాకపోయినా, వచ్చినవాళ్ళు ఉంటారు కదా అన్న ఆలోచన అప్పుడే మొదలైంది. దాన్ని ఇంకా పెంచింది రెండో పుస్తకం.

'ది ఎక్స్‌పర్ట్ ఎట్ ది కార్డ్ టేబుల్' 1902లో షికాగోలో వచ్చింది. రచయిత ఎస్. డబ్ల్యూ. ఎర్డ్‌నేస్. ఆ పేరుగల మనిషి ఎవరో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. వెనక నుంచి చదివితే ఇ. ఎస్. ఆండ్రూస్ అని వస్తుంది, దాన్ని పట్టుకుని వందేళ్ళుగా వెతుకుతున్నారు. పుస్తకంలో పెద్ద భాగం జూదంలో మోసం చెయ్యడం ఎలాగో చెబుతుంది. మ్యాజిక్ తర్వాత వస్తుంది. సాధారణంగా ఇలాంటి పుస్తకాలు, మోసపోకుండా మిమ్మల్ని కాపాడటానికే రాశామని ముందుమాటలో చెప్పుకుంటాయి. ఇతను ఆ నంగనాచితనం లేకుండా, డబ్బు అవసరమై రాశానని ఒప్పుకుంటాడు. పశ్చాత్తాపం లేదు, గొప్పలూ లేవు. ఏ వేలు ఎక్కడ ఉండాలి, ఏ క్షణంలో కదలాలి, ఎందుకు. ఒక పద్ధతి తనకే పూర్తిగా లొంగలేదంటే ఆ మాటా చెబుతాడు. కొన్ని పేరాలు ఇరవైసార్లు చదివితేగానీ చేతికి అందవు, అందాక మాత్రం అందులో ఒక్క మాట తీసెయ్యలేం.

డై వెర్నన్ అనే మాంత్రికుడు చిన్నప్పుడే ఈ పుస్తకాన్ని కంఠస్థం పట్టి, తొంభై దాటి బతికినంత కాలం దాన్నే చదివాడు. 1984లో దాని మీద వ్యాఖ్యానం వేశాడు. 1991లో డార్విన్ ఆర్టిజ్ ఇంకో వ్యాఖ్యానం రాశాడు. మూలం, దానికి టీక, టీక మీద వాదాలు. ఇది మనకి తెలిసిన వ్యవహారమే, మెదక్ పక్కన కొలిచాల మల్లినాథసూరి కాళిదాసుకి చేసిన పని. కాకపోతే ఇక్కడ మూలకర్త పేకాటలో మోసగాడు.

రెంటిలో ఏది మంచి పుస్తకం అని అడిగితే, నేర్చుకోవడానికి హ్యూగార్డ్, చదవడానికి ఎర్డ్‌నేస్ అంటాను. హ్యూగార్డ్‌కి పాఠకుడి మీద దయ ఉంది, ఎక్కడ తడబడతామో ముందే ఊహించి చెయ్యి పట్టుకుంటాడు. జీవితం చివరి ఏళ్ళలో ఆయనకి చూపు పూర్తిగా పోయిందట. అది తెలిశాక ఆ వాక్యాల్లో స్పర్శకి ఉన్న చోటు ఎక్కువ కనిపిస్తోంది, బహుశా నేను ఆపాదిస్తున్నానేమో. ఎర్డ్‌నేస్‌కి పాఠకుడు ఉన్నాడన్న ధ్యాసే లేదు. పని ఒక్కటే ఉంది.

జె. బి. బోబో రాసిన 'మోడర్న్ కాయిన్ మ్యాజిక్' కూడా కొన్నాను, 1952 నాటిది. గొప్ప పుస్తకమంటారు. దాని చేతివిద్యలు అమెరికా అర డాలరుకి కుదిరినవి, అది 30 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది. మన పది రూపాయల బిళ్ళ 27. నా అరచేతిలో అది నిలవలేదు. అక్కడితో వదిలేశాను.

రహస్యాలు ఇలా పుస్తకాల్లో పెట్టెయ్యడం తప్పు కదా అని నన్ను ఒకరిద్దరు అడిగారు. ఈ గొడవ పాతదే. ప్రొఫెసర్ హాఫ్‌మన్ అన్న పేరుతో ఒక లాయరు 1876లో 'మోడర్న్ మ్యాజిక్' వేసినప్పుడూ ఉంది. నేనైతే ఇంకా వెనక్కి, 1584కి వెళ్తాను. రెజినాల్డ్ స్కాట్ అనే ఆంగ్లేయుడు 'ది డిస్కవరీ ఆఫ్ విచ్‌క్రాఫ్ట్' రాశాడు. మంత్రగత్తెలని పేరుపెట్టి ఆడవాళ్ళని హింసిస్తున్న కాలం. మంత్రాలు లేవని వాదిస్తూ, అందులో భాగంగా తాళ్ళతో, బిళ్ళలతో, కత్తులతో చేసే గారడీలు ఎలా చేస్తారో విప్పి చెప్పాడు. గారడీ నేర్పే పుస్తకాల వంశంలో అది చాలా పెద్ద ముత్తాత. బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పేపర్లలో చదువుతూ పెరిగినవాణ్ణి. గుట్టు విప్పడం పాపమని నాతో ఎవరూ ఒప్పించలేరు. అయినా, హ్యూగార్డ్ చదివినంత మాత్రాన గుట్టు తెలిసిపోదు. తెలిసేది, దానికి ఎన్ని నెలలు పడుతుందన్నది మాత్రమే.

ఈ రోజుల్లో పుస్తకమెందుకు, వీడియోలున్నాయి కదా అన్నది రెండో ప్రశ్న. నిజమే. పన్నెండో అధ్యాయంలో పేక పై సగాన్నీ కింది సగాన్నీ కనపడకుండా తారుమారు చేసే ఎత్తు ఒకటుంది. మూడు వారాలు పుస్తకంతో కుస్తీపడి, రెండు నిమిషాల వీడియోతో వేళ్ళు ఎక్కడ ఉండాలో తెలుసుకున్నాను. కానీ తర్వాతి నెలలో మా అక్క కూతురు నన్ను చూసి, "మామయ్యా, ఎందుకలా భుజాలెగరేస్తున్నావ్?" అంది. ఆ భుజాలు వీడియోలో మనిషివి. పుస్తకంలో మనిషికి భుజాలు లేవు, నావి పెట్టుకోవాల్సిందే.

ఎర్డ్‌నేస్ చదివాక నాకు వచ్చిన జబ్బు ఒకటుంది, చెప్పాలి. మా నాన్న సంక్రాంతి రమ్మీలో గెలిచేవారు. ఎప్పుడూ కాదు, కానీ ఎక్కువగా. పాయింటుకి పైసల ఆట. కనుమ రోజు సాయంత్రానికి మా పిల్లల చేతుల్లో జంతికలకీ, బుడగలకీ చిల్లర పడేది. నాన్న అదృష్టవంతులని ఊళ్ళో అనేవాళ్ళు. మాకూ అదే నమ్మకం. అరుగు మీద కూర్చుని, ముక్కలవైపు చూడకుండా, ఎవరితోనో ఎరువుల ధరల గురించి మాట్లాడుతూ ఆయన పేక కలపడం నాకు కళ్ళకి కట్టినట్టు గుర్తు. ముక్కలవైపు చూడకుండా! హ్యూగార్డ్ మొదటి పాఠాల్లోనే చెప్పే జాగ్రత్త అది. చదివిన రాత్రి లేచి కూర్చున్నాను. నాన్న ఈ పుస్తకాలేవీ చూసి ఉండరు. ఇంగ్లీషు పుస్తకమే చదివి ఉండరు. కానీ ఎర్డ్‌నేస్‌కి మాత్రం పుస్తకం ఎవరిచ్చారు?

పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు పేక తీసుకెళ్ళాను. నాన్నకి డెబ్బై ఎనిమిది. భోజనాలయ్యాక ఒక ముక్క తీసుకోమన్నాను. ఆఠీను రాణి తీశారు. వెనక్కి పెట్టించుకుని, కలిపి, పైనుంచి తీసి చూపించాను. నా మొత్తం విద్యలో నమ్మకంగా చెయ్యగలిగింది అదొక్కటే. అమ్మ ఆశ్చర్యపోయింది. నాన్న ఆశ్చర్యపోలేదు. ముక్కవైపు కూడా చూడలేదు.

"ఎడమచేత్తో బాగా పట్టావురా," అన్నారు.

ఆ చేతిని ఆ ఇంట్లో ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. మెచ్చుకున్నందుకు సంతోషించాలో, ఆయన సరిగ్గా ఆ చేతినే ఎందుకు చూశారని అనుమానించాలో తెలియలేదు. జనం కుడిచేతిని చూడాలి కదా. మళ్ళీ చెయ్యమన్నారు. ఒకే ట్రిక్కు ఒకే మనిషికి రెండోసారి చెయ్యకూడదన్నది అన్ని పుస్తకాలూ ముక్తకంఠంతో చెప్పే నియమం. చేశాను. ఈసారి వంగి మరీ చూశారు, మాట్లాడలేదు.

తర్వాత పేక తీసుకుని కలపడం మొదలెట్టారు. పదిహేనో అధ్యాయం. వేళ్ళు కొంచెం వణుకుతున్నాయి, కట్టలు మాత్రం సమంగా జారుతున్నాయి. నేను నేర్చుకున్నదంతా కళ్ళలో పెట్టుకుని చూశాను. అడుగు ముక్క ఆగుతోందా, సందు ఏమైనా ఉందా, చిటికెన వేలు ఎక్కడుంది. నాకేమీ దొరకలేదు. లేదనుకోవాలో, ఉన్నా నాకు చదవడం రాలేదనుకోవాలో ఇప్పటికీ తెలియదు. అడగొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"కొయ్యి," అని పేక నా ముందు పెట్టారు.

ఎడమచేత్తో కోశాను.